చెయ్యి అందించని కారుణ్యం

మాలతమ్మకు దయ లేదని ఆమె సంతాప సభలోనే అన్నారు. పటానికి వేసిన దండ వాడకముందే, దీపం పక్కన నిలబడి, మైకు పట్టుకుని అన్నారు. "మంచి మనిషే, గని దయ లేదు. పడిపోతున్న ముసలామెకు చెయ్యన్న ఇయ్యలే." ఆ మాట అన్నవాడు మా బస్తీ పెద్దమనిషి, అఫ్జల్‌గంజ్‌లో కిరాణా వ్యాపారం చేసే నర్సింగ్. ఆమె గుండె ఆగిపోయిందన్న వార్త విని నిశ్చేష్టుడినై ఉన్న నాకు, ఆ మాటతో ఒళ్లు మండిపోయింది. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అయినా రాయక తప్పదు.

మాలతమ్మ చాంద్రాయణగుట్ట వంతెన దగ్గర క్లినిక్ పెట్టుకున్న ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో చచ్చుబడిన చేతులు, విరిగి అతికిన తుంటి ఎముకలు, పైకి లేవని భుజాలు, మెడ ఒక పక్కకు వాలిన పసికందులు: ఇదంతా ఆమె కర్మక్షేత్రం. మాలీషు కోసం వచ్చామన్న వాళ్లను కూర్చోబెట్టి అడిగేది: "నేను పిసికితే నా చేతులకు బలమొస్తది. నీకేమొస్తది?"

నాకు కుడిచెయ్యి పడిపోయినప్పుడు మావాళ్లు పావురం నెత్తురు రుద్దారు. ఆసుపత్రిలో రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు. మాలతమ్మ ఆ బంతి చేతిలోంచి తీసుకుంది.

"బాపూ, నువ్వేం పని జేస్తవ్?"

"బర్లు పిండుత తల్లీ."

"మరి బంతి పిసికితే పాలొస్తయా? పా, కొట్టంలకు పోదాం."

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పేడలో నా పక్కన గొంతుక్కూర్చుంది. నా వేళ్లను పొదుగుకు ఆనించి, తన చెయ్యి తీసేసింది. మా బర్రె గౌరి తోక విసిరితే ఇద్దరి మొహాలకూ తగిలింది. "దానికున్న కోపం నీ వేళ్లకు లేదు బాపూ" అంది. చాలా పొద్దులు గడిచాక ఒక సన్నని ధార చెంబులో పడింది. నాకు పునర్జన్మ ధ్వని అదే.

మనిషి మంచాన పడితే చుట్టపక్కాలంతా వచ్చి లేపడం, మోయడం, తినిపించడం మా ఇళ్లల్లో ఆచారం. చెయ్యి అందించనివాడు పగవాడే. ఆమె ఆ ఆచారంతోనే తలపడింది. నా నోటికి ముద్ద పెడుతున్న మా ఇంటిదాన్ని ఆపి, "అక్కా, నీ ప్రేమ ఈయన చెయ్యిని తింటున్నది" అంది. మా ఇంటిది కొన్నాళ్లు ఆమెకు చాయ్ కూడా ఇవ్వలేదు.

కానీ ఒకటి. నేను లేచి నిలబడే ప్రతిసారీ ఆమె అరచెయ్యి నా వీపు వెనుక, తాకీ తాకకుండా, కాచుకుని ఉండేది. అది నాకు కనబడేది కాదు. మా ఇంటిది చూసి చెప్పింది; ఆ రోజే చాయ్ మళ్లీ మొదలైంది.

నర్సింగ్ తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. మాలతమ్మ వాకర్ పట్టించి నిలబెడుతుంటే ఆ తల్లి తూలి, కొడుకు చెయ్యి కోసం ఏడ్చింది; మాలతమ్మ తాను ఇవ్వలేదు, అతన్నీ ఇవ్వనియ్యలేదు. "బస్, రేపటి సంది రాకు" అన్నాడతను. ఆమె గుమ్మం దాటుతూ, "అమ్మను మంచానికి ఒప్పజెప్పకు తమ్మీ" అంది. ఒప్పజెప్పాడు. అప్పటినుంచి ఆ తల్లి మంచం మీదే ఉంది.

సభ మరునాడే అతని ఇంటికి పోయి అడిగాను: "నర్సింగూ, మాలతమ్మ చెయ్యి గప్పుడు ఏడున్నదో చూసినవా? మీ అమ్మ వీపెనక చూసినవా?" తలుపు మూసుకున్నాడు. మాలతమ్మ దగ్గర విద్య నేర్చిన సుల్తానా ఆ క్లినిక్‌లోనే ఉందని, అమ్మ కోసమైనా పిలవమని కబురు పంపాను.

తల్లీ మాలతమ్మా, నువ్వు నిలబెట్టిన కాళ్లు ఈ పాతబస్తీ గల్లీ గల్లీలో నడుస్తున్నాయి. నీ స్థానం శూన్యం. నీకు దండం పెట్టడానికి లేచిన ఈ కుడిచెయ్యి నువ్వు పెట్టిన భిక్షే.

నిన్న పొద్దున నర్సింగ్ మా కొట్టం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. గుంజ పట్టుకుని నిలబడి చెప్పాడు:

"కాకా, సుల్తానా వచ్చి పోయింది. మా అమ్మ లేసి నిలబడ్డది. నన్ను చెయ్యి అడిగింది. ఇయ్యలే. అమ్మ వీపెనక వెట్టిన."