జల్లెడ నేల

నా చిన్నప్పుడు మా పెరటి మట్టిని గుప్పిట్లోకి తీసుకుని కాస్త నొక్కితే ముద్దయ్యేది, వేలితో పొడిస్తే సున్నుండలా పొడిపొడిగా రాలిపోయేది. అటు బంకమన్నూ కాదు, ఇటు ఇసకా కాదు. నల్లగా, మెత్తగా, చూడగానే ఏదో ఒకటి నాటాలనిపించేలా ఉండేది. ఆ మట్టిని చూసి మా తాతయ్య మోసపోయాడు. ఆ మోసం నుంచి ఆయన్ను బయటపడేసిన పక్కింటి మామ్మ గురించే ఇదంతా.

మాది గోదావరి జిల్లా. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో నాన్న పనికోసం వచ్చి కూర్మన్నపాలెం దగ్గర ఓ పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాడు. నాయనమ్మ పోయాక తాతయ్యను కూడా తీసుకొచ్చాడు. బస్సు దిగిన తాతయ్య భుజం మీద తడిసిన గోనెసంచి ఉంది. తాటితాండ్రో పూతరేకులో తెచ్చి ఉంటాడని నేను ఎదురు పరిగెత్తాను. విప్పి చూస్తే అరటి పిలకలు! దారిపొడుగునా వాటి మీద ఎవరూ కాలు పెట్టకుండా కాపలా కాస్తూ వచ్చాడట.

మంచినీళ్ళు కూడా తాగకుండా పెరట్లోకి వెళ్ళి మట్టిని చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“ఆయ్! మట్టంటే ఇదీ. అమ్మడూ, ఏడాది తిరిగేసరికి నీకు గెల కోసి పెడతాను, చూస్కో.”

మరునాడే పిలకలన్నీ నాటేశాడు. ఊళ్ళో ఎలా చేసేవాడో ఇక్కడా అలాగే చేశాడు. పాదులు అంచులదాకా నీళ్ళతో నింపి, ఇక వారం దాకా వీటి వైపు చూడక్కర్లేదని చేతులు కడుక్కున్నాడు. కాలవ కింద పొలం చేసిన మనిషి. అక్కడి నల్లరేగడి ఒకసారి తాగిన నీటిని రోజుల తరబడి దాచుకుంటుంది. కానీ ఇక్కడ రెండు రోజులకే పిలకల ఆకులు మధ్యాహ్నానికి వేలాడిపోయాయి. మళ్ళీ నింపాడు. మళ్ళీ వేలాడాయి. నేనూ ఆయనా నూతి దగ్గర్నుంచి బిందెలు మోసి మోసి అలిసిపోయేవాళ్ళం. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. అమ్మ తెప్పించిన పేడ ఎరువంతా ఒకేసారి వేశాడు. దానికీ అదే గతి. నీళ్ళ వెంట కిందకి దిగిపోయినట్టుంది, ఆకు రంగే మారలేదు.

చివరికి ఓ ఉదయం గునపం తీసుకుని తవ్వాడు. జానెడు లోతు దాకా ఆ చక్కటి మట్టే వచ్చింది. ఆ తర్వాత గునపం కరకరలాడింది. తెల్లటి ఇసక, దానిలో కోడిగుడ్లలా నున్నటి గులకరాళ్ళు. ఇంకా తవ్వాడు. ఇంకా రాళ్ళే. తాతయ్య ఆ రాళ్ళ గుట్ట పక్కన కూలబడ్డాడు.

“ఇది నేల కాదండీ బాబూ, జల్లెడ” అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు.

ఆ రోజు నుంచి తాతయ్య మాటలు తగ్గిపోయాయి. పెరటి వైపు వెళ్ళడం మానేశాడు. నన్ను బడికి దింపే దారిలో రోజూ చెప్పే కథలు కూడా ఆగిపోయాయి. ఓ సాయంత్రం నాన్నతో, “మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాన్రా. ఇక్కడ నాకు చెయ్యడానికేం లేదు” అనడం విన్నాను. నాకు ఏడుపొచ్చింది. కొత్త ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు ఆయనే. బళ్ళో పిల్లలు నా ‘ఆయ్’కి నవ్వేవాళ్ళు. వాళ్ళ ‘ఏటి’కి నేనూ తాతయ్యా కలిసి ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. ఆయన వెళ్ళిపోతే ఇక ఎవరితో నవ్వుకోను?

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య కర్రల కంచె ఒక్కటే అడ్డు. అవతల ఉండే మామ్మ అక్కడి మనిషే. కొడుకు పోర్టులో పనిచేసేవాడు, ఈవిడ పెరట్లో పంట పండించేది. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. కంచె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఆగింది.

“ఏటే గుంటా, మొగం అలాగెట్టావు?”

చెప్పేశాను. అరటి పిలకల సంగతి, రాళ్ళ సంగతి, పెదనాన్న ఇంటి సంగతి. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆలోచిస్తూ నా తల నిమిరి, “నువ్వేటీ సెప్పకు. నాను సూసుకుంటాను” అంది.

మర్నాడు పొద్దున్నే నడుం మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ మా వీధి గుమ్మంలోకి వచ్చింది.

“అన్నయ్య గారూ, నడుం పట్టేసిందండీ. సిలకడ దుంపలు ఊరిపోయున్నాయి, ఒంగలేకపోతన్నాను. మావోడికి డూటీ. కూసింత సాయం సేస్తారేటి?”

ఆడమనిషి వచ్చి అడిగితే కాదనే మనిషి కాదు మా తాతయ్య. గునపం భుజాన వేసుకుని బయల్దేరాడు. వెనకే నేను. దుంపలు తవ్వడమంటే ఎంత చాకిరో ఆయనకు తెలుసు. మా ఊరి రేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. దుంప సగం విరిగి చేతికొస్తుంది, మిగతా సగం మట్టిలోనే ఉంటుంది. అందుకని పంచె ఎగ్గట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, పెద్ద యుద్ధానికి సిద్ధమైనట్టు గునపం ఎత్తాడు.

“గునపం ఎందుకండీ? తీగ పట్టి లాగండి సాలు” అంది మామ్మ, అరుగు మీద కూర్చుని.

తాతయ్య నమ్మలేదు. అయినా తీగను మొదట్లో రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. అంత బలం అవసరం లేకపోయింది. తీగ వచ్చినంత సులువుగా తాతయ్య వెనక్కి వెళ్ళి వెల్లకిలా పడ్డాడు. చేతిలో గుత్తిలా దుంపలు! ఎర్రగా, నున్నగా, ఒక్కటీ విరగలేదు. ఎవరో కడిగి పెట్టినట్టు ఉన్నాయి. మామ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి ఆ పడుకున్న చోటునుంచే తాతయ్య కూడా నవ్వడం మొదలుపెట్టాడు. అన్ని రోజుల తర్వాత ఆయన నవ్వు వినడం అదే.

లేచి, బట్టలు కూడా దులుపుకోకుండా ఇంకో తీగ లాగాడు. ఇంకోటి. చిన్నపిల్లాడిలా వరసంతా లాగేశాడు. తర్వాత మట్టిని పక్కకి తోసి కింద చూశాడు. అవే గులకరాళ్ళు. మా పెరడులాంటిదే ఈ పెరడూను.

“కిందంతా రాళ్ళే కదా చెల్లెమ్మగారూ. మరి ఇవెలా ఊరాయి?” అని అడిగాడు. అప్పుడు చెప్పింది ఆవిడ. అడిగాకే చెప్పింది.

“మా తాతల్నాడు ఇక్కడ గెడ్డ పారేదంటండీ” అంది. గెడ్డ అంటే వాగు అని నాకోసం మళ్ళీ చెప్పింది. “అది పక్కకి జరిగిపోయింది, రాళ్ళూ ఇసకా ఉండిపోయాయి. వాటి మీద గడ్డి మొలిసింది, సచ్చింది, మల్లీ మొలిసింది. అలాగ సచ్చిన గడ్డే ఈ మట్టి. మందం తక్కువ. దీనికి కడుపునిండా ఒకపాలి పెడితే నిలవదండీ. పసిపిల్లకి పెట్టినట్టు కూసింత కూసింత, మాటిమాటికీ పెట్టాల.”

నీళ్ళైనా, ఎరువైనా అంతేనట. మొదళ్ళలో ఎండుటాకులు పరిస్తే తడి తొందరగా ఆరదట. వేళ్ళు లోతుకు పోని పంటలు, గాలాడితే తప్ప ఊరని పంటలు ఈ నేలకు బాగా నప్పుతాయట. తాతయ్య ఆ రాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని బుద్ధిగా విన్నాడు. మధ్యలో గోదావరి నేల గొప్పలు ఆయన చెప్పాడు, అవన్నీ ఆవిడా నోరు తెరుచుకుని విన్నది. అరటి పిలకల్ని మాత్రం స్నానాల గది నీళ్ళు పోయే చోటికి మార్చమంది. అక్కడ రోజూ ఎంతో కొంత తడి ఉంటుందిగా మరి.

ఆ సాయంత్రం నేను కంచె దగ్గరికి వెళ్ళేసరికి మామ్మ నిండు బిందె చంకన పెట్టుకుని, ఇంకో బిందె చేత్తో పట్టుకుని నూతి దగ్గర్నుంచి చకచకా నడిచి వస్తోంది. నేను ఆవిడ నడుం వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసి ఒక కన్ను మూసింది.

తొలకరికి తాతయ్య మా పెరట్లో దుంప తీగలు నాటాడు, ఓ పక్కన వేరుశనగ వేశాడు. పెదనాన్న ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడు ఆశ్వయుజంలో తుపాను వాన పట్టుకుంది. వీధులు చెరువులయ్యాయి. పల్లంలో ఉన్నవాళ్ళ పెరళ్ళలో నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు, మొక్కలు కుళ్ళిపోయాయి. మాకు మాత్రం వాన ఆగిన మర్నాటికే పెరట్లో చెప్పులకు బురద అంటలేదు. తాతయ్య తెల్ల పంచె కట్టుకుని ఆ పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

“మా గోదావరి నేలైతే ఇంకో వారం దిగబడిపోవాల్సిందే, ఆయ్! జల్లెడండీ బాబూ, జల్లెడ!” అన్నాడు. ఆ మాట ఇంతకుముందు తిట్టుగా అన్నదే. ఇప్పుడు ఎంత గర్వంగా అన్నాడో!

తాతయ్య ఇంకా చాలా ఏళ్ళు మాతోనే ఉన్నాడు. ఆ నడుంనొప్పి అబద్ధమని ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. పెద్దయ్యేకొద్దీ నాకు ఆవిడ పంటకన్నా ఆ మూలుగే గొప్పగా తోచింది. నీ పద్ధతి తప్పని ఆవిడ తాతయ్యకు ఒక్కసారి కూడా అనలేదు. నీ సాయం కావాలంది, అంతే. పనికిరాననుకుని ముడుచుకుపోయిన మనిషికి ముందు ఒక పని ఇచ్చింది. మిగతాది ఆయన చేతులే తెలుసుకున్నాయి.

ఇప్పుడు మేం గోపాలపట్నంలో ఉంటున్నాం. ఈమధ్య మా పై అంతస్తులోకి ఒక పెద్దావిడ వచ్చింది. జీవితమంతా జాలరిపేటలో చేపలమ్మిన మనిషి. మోకాళ్ళు నొప్పులని కొడుకు తన ఫ్లాటుకి తెచ్చుకున్నాడు. లిఫ్టు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది. పలకరిస్తే తలూపేది. మొన్న ఆదివారం సంచి పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను.

“అమ్మా, నాకు చేపలు కొనడం రాదు. ఎప్పుడూ మోసపోతున్నాను. కాస్త తోడొస్తారా?”

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “ఇంత వయసొచ్చింది, మొప్ప సూసి సేప కొనడం రాదేటి నీకు?” అంటూ కుర్చీలోంచి లేచింది.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో చేపలు నేనే బేరమాడి తెస్తున్నాను.

“రాదమ్మా, మీరే నేర్పాలి” అన్నాను.