తల్లి లేకుండా వేసిన నాటిక

కొత్త నాటిక ఏది అచ్చయినా మా యానాంలో ముందు మేష్టారి చేతికి వచ్చేది. ఆయన అగ్రహారంలో పిల్లలకు చదువు చెప్పేవారు, సాయంత్రాలు బడి వరండాలో మా చేత నాటికలు ఆడించేవారు. ఎనభైల మధ్యకాలం అది. పుస్తకం మొదటి పేజీలో ప్రదర్శనకు రచయిత అనుమతి తప్పనిసరి అని ఉండేది. చాలా నాటక సమాజాలు ఆ వాక్యాన్ని చూసీ చూడనట్టు వదిలేసేవి. మేష్టారు మాత్రం అనుమతి కాగితం కళ్ళారా చూశాకే పాత్రలు పంచేవారు. ఆ సంగతి తెలిసి, ఆయన ముఖమైనా చూడని రచయితలు కూడా తమ కొత్త పుస్తకాలు ఆయనకు పోస్టులో పంపేవారు.

అనుమతి కోరుతూ రచయితలకు ఉత్తరాలు రాయడం నా పని. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని, మా నాటక సమాజానికి కార్యదర్శిని, మంచి నటుణ్ణని కూడా నా నమ్మకం.

ఆ ఏడు వచ్చిన ఒక నాటికలో ముసలి తల్లి ఉంది. పొలం అమ్మకం కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించాలని కొడుకులు చూస్తారు. ఆమె పెద్దగా మాట్లాడదు. చివర్లో ఇంకు పూసిన బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి మూస్తుంది. అక్కడ తెర. చదివిన రోజే ఆ పిడికిలి నాది కావాలనిపించింది.

"తల్లీ కోడలూ, ఇద్దరు ఆడవాళ్ళంటే ఎక్కణ్ణించి తెస్తామండీ? తల్లిని తండ్రి చేసేద్దాం మేష్టారూ. నేను వేస్తాను," అన్నాను.

"నువ్వూ నేనూ అనుకుంటే అయిపోద్దా అబ్బాయ్? ఆయన్ని అడుగు. ఒప్పుకుంటేనే."

ఆడవాళ్ళు దొరకరన్నది అబద్ధం. కోడలి పాత్రకు కాకినాడ నుంచి వచ్చే నటి అంతకుముందే నాతో అంది: "మా పిన్ని ఉంది కదండీ అన్నయ్యగారూ. ముసలి వేషాలకి ఆవిడ్ని మించినోళ్ళు లేరు. మేకప్పు కూడా అక్కర్లేదు. ఆ మాట నేనన్నానని చెప్పకండేం, చంపేస్తది." నవ్వి ఊరుకున్నాను. మేష్టారికి చెప్పలేదు.

రచయిత జవాబు నా ఆఫీసుకు వచ్చింది. పోస్టుకార్డు మీద మూడే వాక్యాలు. నాటిక వేసుకోండి, సంతోషం. తల్లిని మాత్రం తండ్రిని చేయకండి. కుదరకపోతే వేరే నాటిక చూసుకోండి.

రెండుసార్లు చదివి, ఎవరూ తీయని ఒక పాత ఫైలులో పెట్టేశాను. సాయంత్రం మేష్టారు అడిగారు.

"ఒప్పుకున్నారండి," అన్నాను.

"కార్డేదీ?"

"ఆఫీసులో ఉండిపోయిందండి. రేపు తెస్తాను."

మర్నాడు కూడా అదే మాట చెప్పాను. ఆ నాటిక వేయాల్సిన నాటిక పోటీలు దగ్గర పడుతున్నాయి. మొదటిసారి ఆయన కాగితం చూడకుండా, నా మాట మీద పాత్రలు పంచారు.

అక్కణ్ణించి నాకు స్థిమితం లేదు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బడి వైపు తిరిగితే ఆగి చూసేవాణ్ణి. ఆ రచయిత నేరుగా మేష్టారికే ఇంకో ఉత్తరం రాస్తే? రిహార్సల్లో పిడికిలి మూసిన ప్రతిసారీ మేష్టారు ఆపేవారు. "అలా బిగిస్తావేంటయ్యా? కొడుకుల్ని కొట్టబోతున్నట్టుంది." ఎలా మూసినా అలాగే వచ్చేది.

పోటీలు యానాంలోనే జరిగాయి. మొదటి నాటిక మాదే. సగం రంగు పూసుకుని కూర్చున్నాను. ఇంతలో మైకులో వినిపించింది: ఈ నాటిక రాసినాయన ముఖ్య అతిథిగా వచ్చారట, ముందు వరసలో కూర్చున్నారట.

"అన్నయ్యగారూ, చెమటకి రంగంతా కారిపోతంది. కొత్త పెళ్ళికొడుకులాగ ఏంటండీ ఆ కంగారు?" అంది నటి.

మేష్టారి ముఖం వెలిగిపోతోంది. "చూశావా, మన మీద అభిమానంతో ఎంత దూరం వచ్చాడో!" అని, ఎప్పటిలాగే అందరినీ దగ్గరకు పిలిచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకోలేదు. చెప్పెయ్యాలనుకున్నాను. ఆ ప్రార్థన సాగినంతసేపూ నాకు వ్యవధి ఉంది. బెల్లు మోగింది.

ముందు వరసలో బక్కపలచటి మనిషి, ఒళ్ళో గుడ్డ సంచి. మొదట్లో ముందుకు వంగి చూస్తున్నాడు. తండ్రిగా నేను ప్రవేశించగానే వెనక్కి ఆనుకున్నాడు. ఆ తర్వాత వేదిక వైపు పెద్దగా చూడలేదు. పిడికిలికి చప్పట్లు బాగానే పడ్డాయి. ఆయన చేతులు సంచి మీదే ఉన్నాయి.

మేకప్ గదిలోకి ఆయనే వచ్చారు. మేష్టారు రెండు చేతులూ పట్టుకున్నారు. "రండి సార్, రండి. మీ నాటికని పాడు చెయ్యలేదు కదండీ?"

"నా కార్డు మీకు అందలేదాండీ?"

"అందిందండి. మార్చుకోడానికి మీరు ఒప్పుకున్నారని..."

"మార్చొద్దని రాశానండి. ఆవిడ మా అమ్మ."

నేను కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాను. ఆపకుండా తుడుచుకుంటూనే ఉన్నాను. మేష్టారు నా వైపు ఒక్కసారి చూసి, ఆయన వైపు తిరిగారు.

"డైరెక్టర్ని నేనండి. తప్పు నాది. క్షమించాలి."

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు నటి నెమ్మదిగా, "మా పిన్నిని తెస్తానన్నాను కదండీ," అంది.

"పిన్నేంటమ్మా?" అన్నారు మేష్టారు.

నేను తలెత్తలేదు. ఆమే అంతా చెప్పింది. మేష్టారు ఇంకేమీ అడగకుండా నిర్వాహకుల దగ్గరకు వెళ్ళి, మా నాటికను బహుమతులకు పరిశీలించవద్దని చెప్పి వచ్చారు.

మర్నాడు కార్డు పట్టుకుని బడికి వెళ్ళాను. మేష్టారు చదివి నా చేతికే తిరిగి ఇచ్చారు. నేను ఏడవబోతే ఆపారు.

"నా దగ్గర ఏడిస్తే ఏం లాభమయ్యా? మార్చింది నేనే అనుకుంటున్నాడు ఆయన. జరిగింది జరిగినట్టు రాయి. నీ పేరుతో."

ఆ ఉత్తరం మొదలుపెట్టాను. ఆడవాళ్ళు దొరకని ఇబ్బంది వల్ల అనే ముక్క దానంతటదే వచ్చి కూర్చుంది. చింపేశాను. రెండోదాంట్లో పోటీల తొందర వచ్చింది. మూడోదాంట్లో మీ నాటిక మీద ప్రేమ కొద్దీ అని రాశాను. అది చింపడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే అది నేను నిజమే అనుకున్నాను. నాలుగోదాంట్లో ఆ వేషం నాకు కావాలనిపించిందని, మీ కార్డు దాచేశానని, మేష్టారికి ఏమీ తెలియదని రాశాను. మళ్ళీ చదివితే ఏదో ఒకటి కలుపుతానని భయమేసి, చదవకుండానే పోస్టుడబ్బాలో వేశాను.