గని వయసుల గుట్ట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మందమర్రి వైపు ఒక బొగ్గు గనిలో నేను గుమాస్తాని. నా దస్తూరి బాగుంటుంది, అందుకని ప్రపంచం నా మీదే నడుస్తోందని గట్టి నమ్మకం. కార్మికుల వయసులతో కొత్త రిజిస్టరు రాయమని పై నుంచి హుకుం వస్తే, దీపాల గది ముందు బల్ల వేసుకుని వారం రోజులు అందరినీ అడిగాను.

"ఎన్నేండ్లుంటయే నీకు?" అంటే అంకె చెప్పినవాడు లేడు. "గత్తరొచ్చిన యేడు నాకు మీసాలు మొలుస్తుండె, నువ్వే లెక్క జూస్కో సారూ" అని కలరా ఏడాదిని గుర్తు చూపించాడొకడు. "ముప్పై ఏసుకో. సాలకుంటె ముప్పై అయిదు జెయ్యి" అన్నాడు ఇంకో ఉదారుడు. నేనూ మొహాలు చూసి ముప్పై, ముప్పై అయిదు, నలభై అని రాసుకుంటూ పోయాను. అక్కడే బొగ్గు నింపే మా బాపు కూడా వరుసలో వచ్చి, "నాకేమెరుక బిడ్డా, నువ్వే రాయి" అన్నాడు. యాభై అయిదు రాశాను.

ఆ వయసులతో హిస్టోగ్రాం గీయమన్నాడు మా కొత్త అధికారి. ఒక్కో వయసువాళ్లు ఎందరుంటే అంత ఎత్తు కడ్డీ, పక్కపక్కనే. ఆకారాల గురించి గంటసేపు పాఠం కూడా చెప్పాడు. నడుమ ఎత్తుగా లేచి రెండు పక్కలా సమంగా దిగేది ఒకటి, ఒక పక్కకు తోక సాగేది ఒకటి, రెండు గుట్టలున్నది ఇంకొకటి. నేను గీసింది ఏ జాతికీ చెందలేదు. అయిదేళ్లకొక స్తంభం, మధ్యలో ఖాళీ. అచ్చం పళ్లూడిన దువ్వెన.

"మీ వాళ్లు అయిదేళ్లకోసారే పుడతారా ఏమయ్యా? ఇది పైకి పంపితే నా పరువేం కావాలి? ఒకటే గుట్ట, నున్నగా రావాలి. సరిచెయ్యి" అన్నాడు. మళ్లీ అడిగి రమ్మనలేదు. పటం మర్నాటికల్లా కావాలి మరి.

సరిచేశాను. ప్రతి స్తంభంలోని వాళ్లను టోకెన్ నంబర్ల వరుసలో ఒకరిని అక్కడే ఉంచి, ఒకరిని ఒకటో రెండో గడులు వెనక్కి, ఇంకొకరిని ఒకటో రెండో ముందుకి జరిపాను; గడికి ఒక ఏడు. పటమూ రిజిస్టరూ కలవాలి కదా, రిజిస్టరులోనూ దిద్దాను. బాపు టోకెన్ వచ్చేసరికి కలం ఆగింది. వరుస ప్రకారం రెండు ముందుకి. కన్నతండ్రని వదిలేస్తే న్యాయం ఏమవుతుంది? యాభై ఏడు చేసి, నా నిజాయితీని ఆ రోజంతా నేనే మెచ్చుకున్నాను.

గుట్ట ముచ్చటగా వచ్చింది. కింద వర్ణన రాశాను: "నడుమ ఒకటే శిఖరం, కుడివైపు చిన్న తోక." అధికారి దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

మూడేళ్లకు, అరవై నిండినవాళ్లను ఇంటికి పంపే జాబితా ఆ రిజిస్టరులోంచే తీశారు. తోకలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే రాలడం మొదలైంది. బాపు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నువ్వు యాభై అయిదు రాస్తివి, నాకింక రెండేండ్లుండాలె గద బిడ్డా. ఎవడన్న తప్పు రాసిండేమో, జర జూడు."

"నేనే దిద్దిన బాపూ" అన్నాను. గుట్ట సంగతి మొత్తం చెప్పాను.

ఓపికగా విన్నాడు. "అందరియి దిద్దినవా?"

"అందరియి."

"మరి నీదో?"

నాది దిద్దలేదు. నాకు మెట్రిక్ సర్టిఫికెట్టు ఉంది.