ఆపా నేర్పిన దారపు నగలు

మా ఆపా పోయింది. మొన్న పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ మోగితే చాలు, నేను ఏదో ఒక చావు కబురుకు సిద్ధపడే ఎత్తుతాను. ఆ పొద్దున కూడా వరసపెట్టి అందరినీ తలుచుకున్నాను. బండి మీద తిరిగే అల్లుడు, తడి బాత్రూంలో మనవరాలు, బీపీ గోళీ మరిచిపోయే మా తమ్ముడు. ఆపా మాత్రం తలపుకు రాలేదు. ఇన్నేళ్లూ భూమ్మీద ఉన్న ప్రతిదానికీ భయపడిన నేను, ఆ ఒక్కదానికి భయపడటం మరిచిపోయాను.

నేను చేరేసరికి ఇంటినిండా ఆడవాళ్లున్నారు. బొట్టుతో లోపలికి పోవచ్చో లేదో, ఏడవాలో ఊరుకోవాలో తెలియక గుమ్మంలో నిలబడితే, కోడలే చెయ్యి పట్టి తీసుకుపోయింది. "అత్తా, రాత్రి నాతోటి లొల్లి పెట్టుకొనే పండుకున్నది" అని ఏడ్చింది. దేనికి లొల్లి అని అడిగాను. "నేనల్లిన టోపీ జూసి, గిది నెత్తికా, బిందెకా అన్నది" అంది. ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎవరైనా చూశారేమోనని ఇప్పటికీ భయంగానే ఉంది.

నేను నాలుగో తరగతి దాకే చదివాను. తప్పులుంటే సర్దుకోండి. ఆమె గురించి నాలుగు మాటలు మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. మామూలుగానే పట్టదు, అది వేరే సంగతి.

తొంభైల మొదట్లో సిద్దిపేటలో మేము కిరాయికున్న ఇల్లూ ఆపా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఆపా అంటే అక్క. ఆమె నన్ను చెల్లె అనేది, మా బిడ్డ ఆమెను ఖాలా, అంటే పెద్దమ్మ, అనేది. ఆపా నమాజు టోపీలు అల్లి బజారులో దుకాణానికి ఇచ్చేది. కొన కొక్కెంలా వంగిన ఒకే ఒక్క క్రోషా సూది, ఒక దారపు ఉండ, అంతే ఆమె సామాను. ఒక ముడిలోంచి దారాన్ని లాగితే ఇంకో ముడి, అందులోంచి లాగితే ఇంకోటి. బోర్లించిన స్టీలు గిన్నె మీద వేసి టోపీ కొలత చూసుకునేది. ఆ కొక్కెంతోనే చాయ్ కలిపేది, వీపు గోక్కునేది, కోళ్లను అదిలించేది. చాయ్ ముందా వీపు ముందా అని నేను ఎప్పుడూ గమనిస్తూ ఉండేదాన్ని.

అప్పుడు మా బిడ్డ ఆరో తరగతి. బడి పండుగకు డ్యాన్సులో ముందు వరసలో నిలబెట్టారు. తలనుంచి నడుము దాకా నగల సెట్టు ఉండాలన్నారు. మిగతా పిల్లలు దుకాణంలో ఇత్తడి సెట్లు కిరాయికి తెచ్చుకున్నారు. మా దానికి ఇత్తడి తగిలితే చెవులు పుండ్లు పడతాయి, దవాఖాన చుట్టూ తిరగాలి. నా బంగారం పెట్టెలో ఉంది గాని, దాన్ని బయటికి తీయడానికి నాకు ప్రాణం ఒప్పదు. సెట్టు లేకపోతే డ్యాన్సు లేదన్నది టీచరమ్మ. బిడ్డ అన్నం మానేసి గోడకు మొహం పెట్టుకుని కూర్చుంది.

గోడ మీంచి ఆపా తల పైకొచ్చింది. "ఏంది చెల్లె, పొద్దటిసంది పిల్ల ఏడుస్తుంది?"

చెప్పాను.

"నీ బంగారం ఉన్నది గదా?"

"అవి పెట్టుకొని పోతే చెవులతోటి సహా కోస్కపోతరు ఆపా."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"గా ఎవరో ఒకడు నీకు మస్తు ఎరుకున్నట్టున్నడు. దినాం ఆని ముచ్చటే చెప్తవు" అంది ఆపా. "దారంతోటి అల్లుదాం. దారం చెవిని ఏమనది, దొంగకు అక్కెరకు రాది."

"మీరు అల్లియ్యుండ్రి ఆపా."

"నక్కో, నాతోటి కాదు! రంజాన్ ముంగటున్నది. నాకు టోపీలే తెమల్తలేవు. నువ్వు అల్లాలె. నేను నేర్పుత."

అట్లా మొదలైంది నా చదువు. బజారులో నాకూ ఒక సూది కొనుక్కుని, మధ్యాహ్నాలు ఆమె గడపలో కూర్చునేదాన్ని. ముందు గొలుసు కుట్టు. తర్వాత పాత ప్లాస్టిక్ గాజు చుట్టూ అల్లితే చేతి గాజు, సోడా మూత చుట్టూ అల్లితే చెవి కమ్మ. పూసలు కావాలంటే ముందే దారానికి గుచ్చి పెట్టుకుని, కుట్టు కుట్టుకూ ఒక్కోటి జరుపుకోవాలి. వినడానికి సులువే. కాని నాది బిగుతు చెయ్యి. దారం జారిపోతుందేమో, ముడి ఊడిపోతుందేమో అని ప్రతి కుట్టునూ గుంజి గుంజి లాగేదాన్ని. ముడిలోకి కొక్కెం దూరేది కాదు.

"నువ్వు అల్లుతున్నవా, దొంగను కట్టేస్తున్నవా?" అనేది ఆపా.

నా మొదటి హారం మా బిడ్డ మెడకు పట్టలేదు. చేతికి తొడిగితే మణికట్టు దగ్గర ఆగిపోయింది. దండ కడియం వేలికి సరిపోయింది. నడుము పట్టీ మాత్రం పూసలు పెట్టి ఇష్టంగా అల్లాను. అది గడప మీద పెట్టి నీళ్లు తాగడానికి పోయి వచ్చేలోపల ఆపా వాళ్ల మేక దాన్ని తినేసింది.

పట్టీ పోయిందని నాకు బాధ లేదు. పూసలు కడుపులో ఇరుక్కుని మేక చచ్చిపోతే ఆపాకు నా మొహం ఎట్లా చూపించాలి? దాని పక్కనే కూర్చున్నాను. అది నెమరు వేస్తే ఎందుకు వేస్తుందని, వేయకపోతే ఎందుకు వేయడం లేదని నా దిగులు. మా ఇంటాయన వచ్చి, "మనింట్ల వంట ఉన్నదా ఇయ్యాల, మేకకేనా?" అన్నారు.

"మేకకు ఏం కాది. నువ్వే పోయేటట్టున్నవు" అంది ఆపా. మర్నాడు పూసలు వచ్చాయి, వచ్చే దారినే వచ్చాయి. నేను దేవుడికి దండం పెడుతుంటే ఆపా వాటిని ఏరి, కుంకుడురసంలో కడిగి, ఎండలో ఆరబోసింది. "మంచి పూసలు. పారేస్తమా?" అంది. ఆ పూసలే మళ్లీ గుచ్చాం. ఈ సంగతి మా బిడ్డకు ఇవాళ మీతో పాటే తెలుస్తుంది.

కాని నా చెయ్యి మాత్రం వదులు కాలేదు. చూసి చూసి ఒకరోజు ఆపా తన టోపీ పక్కన పెట్టింది.

"భయం నోట్లకెల్లి పోవాలె చెల్లె. నువ్వు చేతులకెల్లి పంపుతున్నవు, దారం పాడైతుంది. ఒక్కొక్క కుట్టుకు ఒక్కొక్కటి చెప్పు. నేను వింట."

"ఏం చెప్పాలె?"

"ఇప్పుడు దేనికి భయపడ్తున్నవో గదే."

"పొయ్యి ఆర్పిన్నో లేదో."

"హౌ. అల్లు."

"బావి గిలక తాడు తెగుతదేమో."

"హౌ."

"కరెంటు తీగె మీద కాకి కూసున్నది."

"అది దాని భయం, నీది గాదు. నీది చెప్పు."

చెప్పాను. ఆయన సైకిల్ బ్రేకు, మా అమ్మ మోకాలు, పాలల్లో నీళ్లు, నీళ్లల్లో పురుగులు, బిడ్డ స్టేజీ ఎక్కితే స్టేజీ కూలుతుందేమో, కూలకపోతే అందరి దిష్టి తగులుతుందేమో. ఆపా దేనికీ ఊరుకోబెట్టలేదు, ఏం కాదని ఒక్కసారి కూడా అనలేదు. అన్నిటికీ అవునవునన్నట్టు "హౌ, హౌ" అంటూ తన టోపీ తాను అల్లుకుంది. పొద్దు వాలేసరికి నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒళ్లో హారం బారుగా, మెత్తగా, పిల్ల మెడకు సరిగ్గా ఉంది. అన్నీ అయిపోయాయే, ఏదో మరిచిపోయి ఉంటానని వెంటనే దిగులు పట్టుకుంది. "గది రేపటి కుట్టుకు పెట్టుకో" అంది ఆపా.

ఆ తర్వాత నేను చాలామందికి మనసులో మాట చెప్పి చూశాను. అందరూ ధైర్యం చెప్పారు. ధైర్యం చెప్పకుండా వినేవాళ్లు ఎంత తక్కువో అప్పుడు తెలిసింది.

కమ్మలు, హారం, దండ కడియాలు, పాపిడి బిళ్ల, నడుము పట్టీ, అన్నీ తయారయ్యాయి. ఆపా తన పెళ్లి దుపట్టా అంచుకున్న బంగారు రంగు గోటా జరీ పట్టీ చీల్చి మధ్య మధ్య కుట్టించింది. నేను వద్దంటే, "పెళ్లినాడు సూసిన్రు, మళ్ల ఎవలు సూసిన్రు? ఇప్పుడన్న నలుగురు సూడనీ" అంది. టీచరమ్మ చూసి బాగున్నాయంది. కాని కమ్మలు ఎండిన ఆకుల్లా వాలిపోతున్నాయి. "ఇట్ల వేలాడితే ఎట్ల? గట్టిగ నిలవడకపోతే వెనక వరసల నిలవెడ్త" అంది. బిడ్డ మళ్లీ గోడవైపు తిరిగింది.

టోపీలకు ఆపా గంజి పెట్టేది. రంగుదారానికి గంజి పెడితే తెల్లగా పొట్టు లేస్తుందట. "చక్కెర పాకం పెడదాం. అద్దం లెక్క నిలవడ్తది" అని గిన్నెలో తీగపాకం పట్టి, నగలన్నీ ముంచి, పళ్లేల వెనకవైపు పరిచి ఆరబెట్టింది. నిజంగానే గోటితో కొడితే టక్కుమన్నాయి. మా బిడ్డ హారాన్ని నాకి చూసి, "మస్తున్నది ఖాలా!" అంది. ఆ పూసలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో గుర్తొచ్చి నేను గబుక్కున హారం లాక్కున్నాను.

బడి పండుగనాడు సాయంత్రం శామియానా వెనకాల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. ఆపా కూడా వచ్చింది, బుర్ఖా ముసుగు పైకెత్తుకుని, చేతిలో కొక్కెంతో. మా బిడ్డ ధగధగ మెరుస్తోంది. పిల్లలు సినిమా తార అంటున్నారు. ఇంకాసేపట్లో వీళ్ల డ్యాన్సు. నేను దగ్గరికి పోయి నడుము పట్టీ సర్దబోయాను. పట్టీ కదులుతోంది.

చీమలు. బెంచీ కాలు మీదుగా ఒక బారు, బారంతా నా బిడ్డ మీదికి. హారం నిండా, కమ్మల నిండా.

"తీసెయ్, తీసెయ్! చెవులల్ల దూరుతయి! వద్దు, డ్యాన్సు వద్దు ఏమొద్దు, ఇంటికి పోదాం నడువు" అని దాని జబ్బ పట్టి లాగాను.

"నేను రానే అమ్మా! కరిస్తె కరువనీ!" అని అది బెంచీని పట్టుకుంది. అప్పుడే మైకులో వాళ్ల పేర్లు పిలిచారు. అది ఏడుపు మొహంతో నన్ను కాదు, ఆపాను చూసింది.

ఆపా వచ్చి నా చేతిని పట్టుకుంది. "చీమలు నీ బిడ్డను తినయి చెల్లె. ఇయ్యాల స్టేజి ఎక్కకపోతే మాత్రం, బతికినన్ని దినాలు నీ బిడ్డ నిన్ను తింటది. ఇడువు."

నేను విడిచానో, ఆపా నా వేళ్లు విప్పిందో గుర్తు లేదు. బిడ్డ పరుగెత్తింది.

పాట మొదలైంది. మొదటి చరణం బాగానే ఆడింది. తర్వాత భుజాలు ఎగరేయడం మొదలుపెట్టింది. మెడ అటు విదిలించింది, ఇటు విదిలించింది, నడుము జాడించింది. పక్కనున్న పిల్లలు తామే అడుగులు మరిచిపోయామనుకున్నారేమో, వాళ్లూ భుజాలు ఎగరేశారు. వెనక వరస కూడా అందుకుంది. జనం ఈలలు. ఎవరు నేర్పారీ కొత్త అడుగులు అని ఎవరో టీచరమ్మను అడుగుతున్నారు, ఆమె నోరు తెరుచుకుని చూస్తోంది. నేను కళ్లు మూసుకున్నాను. పక్కన ఆపా కుర్చీ ఎక్కి నిలబడి చప్పట్లు కొడుతోంది. కుర్చీ విరుగుతుందేమోనని కళ్లు తెరిచాను. అట్లా చివరి చరణం చూడగలిగాను.

బయటికి వచ్చాక, "పాకం పెట్టకుంట ఉంటె మంచిగుండు ఆపా" అన్నాను.

"పని మంచిగ లేకపోతె చీమలు గూడ రావు" అంది. తప్పు ఒప్పుకునే మనిషి కాదు.

బడి గేటు దగ్గర ట్యూబులైటు కింద బిడ్డను నిలబెట్టింది. అది గడ్డం పైకెత్తి, చక్కిలిగింతలకు మెలికలు తిరుగుతూ నవ్వుతోంది. ఆపా కొక్కెం కొనతో మెడ మీంచి ఒక్కో చీమను మెల్లగా ఎత్తి, చంపకుండా, పెదాల దగ్గరికి తెచ్చుకుని, గోడ వైపుకు ఉఫ్ అని ఊదుతోంది.