అర చుట్టు తగ్గిన నత్త

మెర్రిన్ టల్లక్ ఇరవై రెండేళ్లు నత్తల మీద పరిశోధనా వ్యాసాలు అచ్చేసే పత్రికకు సంపాదకురాలు. హోబార్ట్ ఊళ్లో ఆమె వీడ్కోలు టీకి పదకొండు మంది వచ్చారు. నత్తల లోకంలో అది జనసముద్రం కిందే లెక్క.

"ఇన్నాళ్లూ మా వ్యాసాల్ని చీల్చి చెండాడావు. ఇక హాయిగా నిద్రపోతాం," అన్నాడు తోటి నత్తల పరిశోధకుడు డెస్మండ్ ప్రైక్, లామింగ్టన్ కేకు నములుతూ.

"నువ్వు రాసింది చదివి నేనెప్పుడో నిద్రపోయాన్లే!" అంది మెర్రిన్.

సంపాదకులెవరూ సొంత పత్రికలో రాయకూడదన్న నియమం పెట్టింది మెర్రినే. దాని పుణ్యమా అని బ్రూనీ దీవిలో దొరికిన ఒక కొత్త నత్త తొమ్మిదేళ్లుగా సీసాలో నానుతోంది. ఆమె భూతద్దం పట్టుకుని రాళ్లన్నీ గాలిస్తుంటే, అది ఆమె భర్త లోర్న్ టిఫిన్ డబ్బాకు అతుక్కుని దొరికింది. ఆయన బస్సు డ్రైవరు. దానికి తన పేరే పెట్టాలని పట్టుబట్టాడు. "నేను సంపాదకురాలిగా దిగిపోయాక పెడతాలే," అంది. మూడేళ్ల కిందట ఆయనే పోయాడు. ఆ మాట ఆమెను ఇప్పటికీ తినేస్తోంది.

దిగిపోయిన మర్నాడే ఆ నత్త మీద వ్యాసం రాసి తన పాత పత్రికకే పంపింది. ఆరు వారాలకు తిరిగొచ్చింది. "మీ శ్రమను ఎంతో గౌరవిస్తున్నాం, అయితే" అని మొదలయ్యే ఆ ఉత్తరం సంపాదకురాలిగా ఆమె రాసి పెట్టిందే. వందలమందికి పంపింది. ఎంత మర్యాదగా ఉందో అని మురిసిపోయేది కూడా. ఇంత వెధవ ఉత్తరమని ఇప్పుడే తెలిసింది.

కింద, వ్యాసాన్ని పరిశీలించిన పేరులేని పరీక్షకుడి మాట: "గుల్లకు ఐదు చుట్లు అన్నారు. నాకు నాలుగున్నరే కనిపిస్తున్నాయి. బొమ్మ మరీ చిన్నది."

బొమ్మ చిన్నదని ఏడ్చేవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఫోన్ చేసింది.

"డెస్మండ్! గుడ్డి సన్నాసీ, అవి ఐదు!"

"ఏ నత్త? నాకేం తెలీదు. పరీక్షకుల పేర్లు బయటపెడితే తోలు తీస్తానన్నది నువ్వే కదా?"

ఫోన్ పెట్టేసి, కోపంగా గుల్లను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. నాలుగున్నరే. ఆ అర చుట్టు ప్రేమకొద్దీ తానే చేర్చింది.

ఐదు కొట్టేసి నాలుగున్నర అని రాసింది. కొత్త సంపాదకుడికి "మీ విలువైన సూచనలకు కృతజ్ఞతలు" అని టైపు చేసింది. రచయితలందరూ ఆ వాక్యాన్ని పళ్లు నూరుతూనే రాస్తారని ఇప్పుడు అర్థమైంది.

సీసా చేతిలోకి తీసుకుంది.

"ఇంకొక్క నెల ఓపిక పట్టు, లోర్న్," అంది. "అర చుట్టు తగ్గావు. అయినా నీ పేరే పెడుతున్నాను."