మల్లయ్య గారు బిగించిన క్లిప్పు

మొన్న నిడదవోలు బంకులో స్కూటరుకి పెట్రోలు పోయించుకుంటుంటే రెండు చుక్కలు చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. చుక్కలు క్షణంలో ఆరిపోయాయి గానీ వాసన ఇంటిదాకా నాతోనే వచ్చింది. ఆ వాసన తగిలితే యాభై రెండేళ్ల నేను పదేళ్ల పిల్లనైపోయి, సరుగుడు చెట్ల నీడలో తల వంచుకుని నిలబడతాను.

మా నాన్నగారు నరసాపురంలో డాక్టరు. ఆదివారాలు సముద్రం వైపు పల్లెలకు వెళ్లి వైద్యం చేసేవారు. అప్పట్లో అటు రోడ్డు లేదు, సరుగుడు తోటల మధ్య చక్రం సగందాకా దిగబడే ఇసక బాట తప్ప. అందుకని మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత పెట్రోలు జీపు కొన్నారు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే బండి అది. ఇసకలోకి దిగేముందు సీటు పక్కనున్న చిన్న రాడ్డు ఒకటి లాగితే, బండి ఒక్కసారి మూలిగి, బురదలోంచి లేచిన గేదెలా ముందుకు కదిలేది.

ఆ బండి నడిపేదీ, రాడ్డు లాగేదీ, బండికి జబ్బు చేస్తే బాగుచేసేదీ మల్లయ్య గారే. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, పడవ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని, రేవు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారు. ఈ ‘గారు’ ఇప్పుడు నేను చేర్చిందే. నలభై దాటిన ఆయన్ని పదేళ్ల నేను “మల్లయ్యా, నువ్వు” అనేదాన్ని. ఆయన నన్ను “పాపగారూ” అనేవారు. ఇందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా పెరడంతా పనసపండు వాసన. పొద్దున్నే తాటిముంజెలు, మధ్యాహ్నం కొత్తావకాయ కలిపిన ముద్దలు, ఆ మంట తగ్గడానికి బెల్లంముక్క, ఆపైన పెద్దవాళ్లు కునుకు తీసే రెండు గంటలూ మాదే రాజ్యం. ఓ రోజు మల్లయ్య గారు మా గుమ్మంలోనే జీపు బానెట్ ఎత్తి, పెట్రోలు కారుతున్న పాత గొట్టం తీసేసి కొత్తది వేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. గొట్టం చివర మెరిసే స్టీలు క్లిప్పు తొడిగి, స్క్రూ బిగిస్తూ, “ఇది మొలతాడులాంటిదండి పాపగారూ. మొలతాడు లేకపోతే నిక్కరు జారిపోద్ది కదండీ, అలాగే ఇది లేకపోతే గొట్టం జారిపోద్దండి” అన్నారు. నేను పడీపడీ నవ్వాను.

నాలుగు రోజులకి మా అరుగు మీద బొమ్మల పెళ్లి. పక్కింటి అత్తయ్యగారు లేసు అల్లగా మిగిలిన ముక్క పెళ్లికూతురికి చీరయింది, అటుకులూ బెల్లం విందయ్యాయి. వడ్డాణం మాత్రం లేదు. అందరూ నిద్రలో ఉండగా అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, జీపు బానెట్ కొక్కేలు విప్పి, ఆ క్లిప్పు ఊడదీశాను. బొమ్మ నడుముకి అది అచ్చంగా అమరింది. గొట్టం బిగుతుగానే ఉన్నట్టు కనిపించింది. జారిపోద్దన్న మాట గుర్తురాలేదని అబద్ధమాడను. గుర్తొచ్చింది. వడ్డాణమే ముద్దొచ్చింది.

ఆ ఆదివారం నాన్నగారితో నేనూ జీపెక్కాను. పల్లెలో సూరమ్మ అనే ఆవిడ పొద్దుటినుంచీ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే టౌన్లో పెద్దాసుపత్రికి చేర్చాలని నాన్నగారు ఆవిడనీ, ఆవిడ భర్తనీ వెనక ఎక్కించుకున్నారు. ఇసకలో సగం దూరం వచ్చాక ఇంజను దగ్గి ఆగిపోయింది. గుప్పున పెట్రోలు వాసన.

“దిగండి, దిగండి! ఎవరూ అగ్గిపుల్ల గియ్యకండి!” అని అరుస్తూ మల్లయ్య గారు దూకి బానెట్ ఎత్తారు. జారిన గొట్టంలోంచి వేడెక్కిన ఇంజను మీదికి పెట్రోలు కారుతోంది. చొక్కా విప్పి గొట్టం నోరు మూసి, రెండో చేత్తో గుప్పెళ్లకొద్దీ ఇసక పోశారు. సూరమ్మని సరుగుడు నీడలో పడుకోబెట్టారు. ఆవిడ మూలుగు తప్ప ఇంకేమీ వినబడటంలేదు.

నాన్నగారు వంగి చూశారు. “క్లిప్పేది?”

“వేశానండి డాక్టరు గారూ. నా చేత్తోనే బిగించానండి.”

“బిగిస్తే ఏమైంది, కాకెత్తుకుపోయిందా? తాగి చేసుంటావు. తల్లీబిడ్డల ప్రాణం తీసేవాడివి కదయ్యా!”

సాయంత్రాలు కాస్త కల్లు తాగే మనిషే గానీ, పని ముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. మల్లయ్య గారు తన అరచేతులకేసి ఓసారి చూసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. ‘నేను తీశాను నాన్నా’ అంటే సరిపోయేది. అనలేదు, తల వంచుకుని నిలబడ్డాను.

ఆయన గొట్టం చివర కోసి మళ్లీ తొడిగి, సూరమ్మ భర్త మొలలో ఉన్న వలదారం అడిగి తీసుకుని, చుట్టు మీద చుట్టు వేసి, పళ్లతో లాగి ముడి వేశారు. అంతకుముందు పెట్రోలు అందడానికి నోటితో పీలిస్తే గొంతులోకి పోయింది. దగ్గీ దగ్గీ కళ్లు ఎర్రబడ్డాయి. అలాగే బండి నడిపి ఆసుపత్రికి చేర్చారు. తల్లీ ఆడపిల్లా ఇద్దరూ దక్కారు.

మర్నాడు పొద్దున్న నాన్నగారు గడ్డం గీసుకుంటుంటే, ఏడుస్తూ క్లిప్పు ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పేశాను. ఆయన క్లిప్పుకంటిన సబ్బునురగ తువ్వాలుతో తుడిచారు. “సరే, నేను చెప్తాలే” అన్నారు. చెప్పలేదు. ఇంకో డ్రైవరుని పెట్టుకున్నారు. నెలపోయాక నేను అడిగితే, “పెద్దవాళ్ల సంగతులు నీకెందుకమ్మా?” అన్నారు, నా మొహంకేసి చూడకుండా. ఊరికంతటికీ మంచి డాక్టరు, నాకు ప్రాణంకంటే ఇష్టమైన మనిషి. ఆ రోజు ఆయన్ని చూసి నేను సిగ్గుపడ్డాను. ‘తాగి బిగించాడంట’ అన్న మాట రేవంతా పాకింది. మల్లయ్య గారు ఎదురైతే నేను సందు మార్చి వెళ్లిపోయేదాన్ని. పెద్దయ్యాకయినా వెళ్లి చెప్పొచ్చు. చదువు, ఉద్యోగం, పెళ్లి అంటూ నలభై ఏళ్లు సందులు మారుస్తూనే ఉన్నాను.

మొన్న చీర మీద చుక్కలు పడిన వారానికి, ఇక ఆగలేక నరసాపురం రైలెక్కాను. రేకుల షెడ్డు లేదు. ఇసక బాట మీద సిమెంటు రోడ్డు పోశారు, సరుగుడు తోటల చోట రొయ్యల చెరువులు. అలాంటి జీపు ఎలా ఉండేదో చెప్పినా ఆటో డ్రైవరుకి అర్థంకాలేదు. నాన్నగారు పోయి పదేళ్లయింది.

రేవులో వాకబు చేసి ఇల్లు పట్టుకునేసరికి మల్లయ్య గారు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. ఎనభై దాటాయి. నేనెవరో చెప్పగానే లేవబోయారు. వద్దని కింద కూర్చుని, క్లిప్పు తీసింది నేనేనని, మర్నాడే నాన్నగారికి తెలుసని, ఇద్దరం నోరుమూసుకున్నామని చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన వలలో వేళ్లు అలాగే ఉంచి, “నేనే మర్చిపోయాననుకున్నానండి” అన్నారు నెమ్మదిగా. “వేశాననే అన్నానండి ఆ రోజు. తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చేసిందండి. ఏ నట్టు బిగించినా పదిసార్లు చూసుకునేవోణ్ణి. చేతిమీద నమ్మకం పోయాక ఇంకేం పనండి, మానేశాను.”

ఆయన గుమ్మంవైపు తిరిగి కోడల్ని కేకేశారు:

“అమ్మాయ్, ఇలా రా! విన్నావా? నేను బిగించానంట!”