రొట్టెల మూటలో లింగం

మా పెద్దమ్మ బస్వమ్మ మెడలో వెండి లింగకాయ ఉంటుంది, అందులో ఆమె పూజించే లింగం. చిన్నప్పుడు దీక్ష ఇచ్చిన రోజు వాళ్ల గురువు జంగమయ్య కట్టాడు. లింగాయతుల ఇళ్లలో ఇప్పుడు చాలామంది లింగాన్ని దేవుడి గూట్లో పెట్టుకుని పూజ చేస్తున్నారు. పెద్దమ్మ మాత్రం స్నానానికి కూడా తీయదు. లింగం ఒంటిమీద లేనప్పుడు నోట్లో మంచినీళ్ల చుక్క కూడా పడకూడదని వాళ్లమ్మ ఎప్పుడో చెప్పిందట, ఈమె పట్టుకుంది. ఒకసారి అల్లం చేనులో దారం తెగి లింగకాయ మట్టిలో పడిపోతే, పొద్దుగూకేదాకా బోదెలన్నీ తవ్వి వెతికింది తప్ప నీళ్ల కుండ వైపు చూడలేదు. అంత మొండి మనిషి. ఆ మొండితనం మీద నాకు గౌరవమే. నా కోపమంతా పెద్దనాయన తెలివి మీద.

పెద్దనాయన సంగయ్య జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయన ఇంటి ముందు రోడ్డు మీద పగలూ రాత్రీ బొంబాయి లారీలు పోతుంటాయి. పెళ్లయిన కొత్తలో ఆ లారీలు చూపించి, నిన్నూ తీసుకపోయి సముద్రం చూపిస్తానన్నాడట. పిల్లలు పుట్టారు, వాళ్లకు పెళ్లిళ్లు అయ్యాయి, పెద్దమ్మకు షుగర్ వచ్చింది, సముద్రం మాత్రం అక్కడే ఉండిపోయింది. పోయిన డిసెంబరులో ఫ్యాక్టరీకి సెలవులిస్తే ఎట్లాగో కదిలాడు. పెద్దమ్మ అప్పడాల్లా పెళపెళలాడే ఎండు జొన్నరొట్టెలు చేసి, పల్లీల పొడి పెట్టి, తెల్ల గుడ్డలో మూట కట్టింది. బంగారమంతా ఇంట్లో పెట్టి నల్లపూసలతో బయల్దేరింది.

బస్సులో పక్క సీటు మనిషి ఊరుకోవచ్చు కదా! బొంబాయి దొంగల గురించి దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. బ్లేడుతో జేబు కోస్తే చర్మానికి కూడా తెలియదన్నాడు. పెద్దనాయనకు ఇక నిద్ర పట్టలేదు. పొద్దున లాడ్జిలో పెద్దమ్మ పూజ చేసుకుని, షుగర్ గోలీ వేసుకుని, ఇంత ఉప్మా తిని లేచిందో లేదో, ఆయన చెయ్యి చాపాడు.

"జర ఆ లింగకాయ తీసి నాకియ్యి. బనీన్ జేబుల పెట్టుకుంట."

"నేను తియ్య."

"దారం కోసుకపోతే ఏం చేస్తవ్? ఇప్పుడే తిన్నవ్ గదా. ఆకలైనప్పుడు అడుగు, ఇస్త. కట్టుకునే తిను."

చాలాసేపు వాదించుకున్నారు. సముద్రం చూడబోతూ మొగుడితో తగువెందుకని పెద్దమ్మే తగ్గింది. తీసి కళ్లకద్దుకుని ఆయన చేతిలో పెట్టింది.

"నీ ఛాతి మీద్నే ఉండాలె. యాడ పడితే ఆడ పెట్టకు."

"నాకు తెల్వదా?" అన్నాడు.

ఆయనకు తెలిసిందేమిటో వినండి. ఆమె చెప్పులు వేసుకునేలోపు ఆ బస్సు మనిషి మాటలు గుర్తొచ్చి, బనీను జేబు మీద కూడా నమ్మకం పోయింది. ఎంత పెద్ద దొంగైనా ఎండు రొట్టెల మూట ముట్టడు కదా అనుకున్నాడు. మూట విప్పి, రొట్టెల నడుమ లింగకాయ దాచి, మళ్లీ బిగించి కట్టి పెద్దమ్మ చంకకు తగిలించాడు. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఒప్పుకోదట. ఇది ఆయన ఇప్పటికీ చెప్పే సంజాయిషీ. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

సముద్రం ఒడ్డున గేట్‌వే దగ్గర జనం తిరునాళ్లలా ఉన్నారు. పెద్దమ్మ సముద్రాన్ని చూసి నిలబడిపోయింది. ఆమెను గోడ పక్కన కూర్చోబెట్టి, పెద్దనాయన పడవ టికెట్ల వరసలో నిలబడ్డాడు. ఆ గోడ పక్కనే ఒకామె గంపలో పల్లీలు పెట్టుకుని అమ్ముతోంది. పెద్దమ్మ తనలో తాను ఏదో అనుకుంటుంటే ఆమె తల తిప్పింది.

"మీది యే ఊరమ్మా?"

"జహీరాబాద్."

"అయ్యో, మాది ఝరాసంగం దిక్కు. నా పేరు నారమ్మ."

కూలి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. జొన్నరొట్టె మొహం చూడక ఏళ్లయిందట. అంతే, పెద్దమ్మ మనసు ఆగలేదు. ఎట్లాగూ మధ్యాహ్నం హోటల్లో తిందామని పెద్దనాయన పొద్దుటి నుంచి అంటున్నాడు. మూట మూటే నారమ్మ ఒళ్లో పెట్టేసింది. ఇంతలో పెద్దనాయన టికెట్లు ఊపుకుంటూ వచ్చి, పడవ పోతుందని ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

పడవ ఒడ్డు విడిచాక ఆమె చంక చూశాడు.

"మూట ఏదే?"

"నారమ్మకిచ్చిన."

"నారమ్మెవరు?"

"గా పల్లీలామె. మన దిక్కామెనే. పాపం, రొట్టెలంటే పానం కొట్టుకుంటున్నది."

పెద్దనాయన ఒడ్డు వైపు తిరిగి చూశాడు. చుట్టూ నీళ్లు. దిగడానికి లేదు, దూకడానికి లేదు. అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. దిగీ దిగగానే నారమ్మను పట్టుకుని, మూట తీసుకుని, ఏమీ జరగనట్టు ఈమె చేతిలో పెడదామనుకున్నాడు. అందరూ ఒడ్డున ఉన్న పెద్ద మేడలు చూస్తుంటే ఆయన పల్లీల గంప కోసం చూస్తున్నాడు. ఈమె మాత్రం పక్షులను చూసి మురిసిపోతోంది.

కాసేపటికి ఆమె చేతి సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది.

"ఆకలైతున్నది. లింగం ఇటియ్యి, కట్టుకుని రెండు తింట."

"గింత మందిల ఎట్లనే. దిగినంక ఇస్త."

ఆమె పొట్లం మళ్లీ లోపల పెట్టేసింది. ఇంకాసేపటికి సముద్రపు గాలిలో కూడా ఆమె నుదుటి మీద చెమట పట్టింది. షుగర్ గోలీ వేసుకుని తిండి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని జహీరాబాద్ దవాఖానలో డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ మాట పెద్దనాయన చెవుల్లో మోగుతూనే ఉంది.

"చేతులు వణుకుతున్నయి. జర ఇయ్యి."

"ఆగే, దిగుతున్నం గదా."

పడవ వేరే మెట్ల దగ్గర ఆగింది. పెద్దనాయన జనాన్ని తోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. నారమ్మ లేదు. గంప లేదు. ఆ చోట ఒకతను బెలూన్లు అమ్ముతున్నాడు. అడిగితే మాట అర్థం కాక రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. పెద్దనాయన పెద్దమ్మను చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ ఆ రోడ్డంతా తిరిగాడు. హోటల్ కోసం వెతుకుతున్నాడేమో అనుకుని ఆమె కొంత దూరం నడిచింది. చెరుకురసం బండి దగ్గరికి వచ్చేసరికి ఫుట్‌పాత్ మీద కూలబడింది. పెద్దనాయన గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"ముందుగాల లింగం."

అప్పుడు చెప్పాడు. వేరే దారి లేక చెప్పాడు.

ఆమె లేవబోయింది, చేత కాలేదు. గోడకు ఆనుకుని పెదవులు బిగించింది. ఆయన గ్లాసు పెదవులకు ఆనించిన కొద్దీ తల వెనక్కి పోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నీ కాళ్లు మొక్కుత, తాగే. తప్పు నాది. పాపమేమున్నా నాకే తగలనీ. నీకేమన్నయితే పిల్లలకు నేనేం చెప్పాలె?" అని, ఫ్యాక్టరీలో అందరినీ గదమాయించే మనిషి నడిరోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు.

ఆ సంగతి పెద్దమ్మే నాకు చెప్పింది. "కండ్లు తెరిచి చూసిన బిడ్డా. ఆయన చెప్పు ఒకటి యాడనో ఊడిపోయింది. అది గూడ తెల్వలే ఆయనకు. నేను పోతే గీ మనిషి ఇంటికెట్ల పోతడు అనిపించింది."

గ్లాసు తీసుకుంది. ఎవరికీ కనబడకుండా గోడ వైపు తిరిగి, మొత్తం తాగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె వాళ్లమ్మ మాట తప్పడం అదొక్కసారే.

ఒళ్లు కొంచెం కుదుటపడి, వణుకు తగ్గుతుండగా రోడ్డు మీద "అమ్మా, జహీరాబాదమ్మా" అని కేక వినిపించింది. నారమ్మ. దోసిట్లో తెల్ల గుడ్డ పరిచి, దాని మీద లింగకాయ పెట్టుకుని, ఒలకబోసుకోకుండా నీళ్లు తెస్తున్నట్టు వస్తోంది.

"మూట విప్పినంకనే చూసిన. ముద్ద ముట్టలే. గంప రోడ్డవతలామెకు అప్పజెప్పి, పడవలు దిగేకాడ మీ కోసం నిలబడ్డ. మీరు కనబడలే. మళ్ల గోడకాడికొస్తే, మీరు ఇటు ఉర్కిన్రని బుగ్గలు, గవే బెలూన్లు అమ్మేటాయన చెప్పిండు. మీరు ఆడ్నే ఉంటే ఎప్పుడో ఇచ్చేదాన్ని."

పెద్దమ్మ కొంగు పట్టి తీసుకుంది. కళ్లకద్దుకుంది. నారమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పెద్దనాయన కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"దొరికింది గదా. ఇగ ఫికర్ లేదు. కట్టుకో."

ఆమె కట్టుకోలేదు. లింగకాయను కొంగులో ముడేసుకుంది.

"తాగిన నోటితోని ఎట్ల కట్టుకుంట? ఊరికి పోయి జంగమయ్యనడగాలె."

"దొరికింది గదనే," అన్నాడు మళ్లీ.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పడవల ఉన్నప్పుడే చెప్పవైతివి. చెప్తే దిగి ఆ గోడకాడ్నే కూసుందుము. ఆమె తెచ్చిచ్చేది. నేను కట్టుకునే తాగుదును."

దొరికిందన్న సంతోషం పెద్దనాయన మొహంలోంచి అప్పుడు పోయింది.